ఏ గుర్తూ లేని రక్తం

మా వీధిలో టైఫాయిడ్ పాయింట్లు లేని ఇల్లు ఆ రోజుల్లో ఒక్కటే ఉండేది. అది మా పక్క పోర్షన్. జ్వరం రెండు రోజులు దాటితే వనపర్తిలో ఎవరైనా ల్యాబుకు పోయి రక్తం ఇచ్చేవారు. సాయంత్రం వచ్చే కాగితం మీద నూట అరవై అని ఉంటే నూట అరవై పాయింట్లు, మూడు వందల ఇరవై అని ఉంటే మూడు వందల ఇరవై పాయింట్లు. అవి పాయింట్లు కావు. రక్తంలోని రసాన్ని ఎన్ని రెట్లు పలచన చేసినా గుర్తు కనిపిస్తోందో చెప్పే లెక్క. అది చెబితే వినేవాళ్ళు లేరు. పదో తరగతి మార్కుల్లాగే వాటినీ ఇంటికీ ఇంటికీ పోల్చుకునేవారు.

ఈ పోలికలో పక్క పోర్షన్ పెద్దావిడ ఎప్పుడూ గెలిచేది. "మా పిల్లగానికి సున్న. ఎప్పుడు చూసినా సున్ననే," అనేది.

ఆమె పోయిన నెల చనిపోయిందని కోడలు ఫోన్ చేసి చెప్పింది. ఏ రోజు, ఏ వేళ అని అడిగితే చెప్పింది. నిద్రలోనే పోయిందట. "మిమ్మల్ని యాది చేస్తుండె టీచరమ్మ," అన్నది కోడలు. ఏమని యాది చేసేదో నేను అడగలేదు. ఆమె ఎవరినైనా యాది చేసిందంటే అందులో ఒక తిట్టు ఉంటుంది.

వాళ్ళు మా పక్కన దిగింది 2003 జూన్‌లో. కోడలు 2002 అంటుంది, అది తప్పు. నేను లెక్కల టీచరుగా రిటైరైన వేసవి దాటాకే వాళ్ళు వచ్చారు. వీపనగండ్ల దిక్కు పల్లి పంట వాళ్ళది. కొడుకు పొలం దగ్గరే ఉండేవాడు. మనవడిని బడిలో వేయాలని, దవాఖానలు దగ్గర ఉంటాయని ఆమె కోడలినీ పిల్లవాడినీ వెంటబెట్టుకుని వనపర్తికి వచ్చింది. ఆమెకు అప్పటికి అరవై నిండలేదు. నిండినట్టు కనిపించడం ఆమెకు ఇష్టం, బస్సులో ఎవరో ఒకరు లేచి చోటిస్తారని.

మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళ ముఖం చూసేది కాదు. చేట ముందు పెట్టుకుని పల్లికాయలు ఒలుస్తూ చేటతోనే మాట్లాడినట్టు మాట్లాడేది. కోపం వస్తే ఒలవడం ఆగదు, వేగం పెరుగుతుంది. గింజలు నిండుగా ఉన్నవి మనవడి గిన్నెలోకి, ముడుచుకుపోయినవి తన నోట్లోకి. కోడలికి ఏ గింజలూ వచ్చేవి కావు. కావాలంటే ఒలుచుకోవాలి.

ఏ కబురు చెప్పినా "ఎవరు చూసిన్రు?" అని అడిగేది. ఫలానా వాళ్ళ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందట అంటే ఎవరు చూసిన్రు. గద్వాల దగ్గర వాన పడిందట అంటే ఎవరు చూసిన్రు. తన కంటితో చూడనిదేదీ ఆమె లెక్కలోకి రాదు. మొదట్లో నాకు విసుగు వచ్చేది. తర్వాత నేనూ ఆమెతో మాట్లాడేటప్పుడు 'అట' అనే మాట మానేశాను.

కోడలిది గద్వాల. తండ్రి లేడు, తల్లి ఉంది, అచ్చంపేటలో ఇచ్చిన ఒక చెల్లెలు ఉంది. జొన్నరొట్టె కాస్త నల్లబడితే అత్త గోడ అవతలి నుంచి నాకు వినిపించేలా "గద్వాలల బొగ్గులబట్టి నడిపిండా మీ నాయన?" అనేది. రొట్టె బాగా వస్తే "ఇయ్యాల మాడలె" అనేది. అంతకు మించిన మెప్పు ఆ ఇంట్లో నేను వినలేదు. కోడలు ఎదురు చెప్పేది కాదు. చెప్పకపోవడం కూడా అత్తకు నచ్చేది కాదు. "నోట్లె నాలుక లేని దాన్ని తెచ్చుకున్న, ఎవ్వరితోని కొట్లాడాలె?" అని నన్ను అడిగేది.

పిల్లవాడు సన్నగా, తెల్లగా ఉండేవాడు. నెల తప్పి నెల జ్వరం. చెవిలో చీము, తగ్గని దగ్గు, ఒంటిమీద గడ్డలు. ప్రతిసారీ ల్యాబు, ప్రతిసారీ సున్న. ల్యాబు నడిపే సాయిబు ఒకసారి తన పరీక్ష మందు చెడిపోయిందేమోనని రెండోసారి చేసి చూశాడు. అదే పూట ఇచ్చిన మిగతావాళ్ళ రక్తాల్లో గుర్తులు వచ్చాయి, ఈ పిల్లవాడి రక్తంలో రాలేదు. మందు మంచిదే అని తేలింది. "అమ్మా, మీ వాని ఖూన్ బిల్కుల్ సాఫ్," అన్నాడు ఆయన. ఆ మాట ఆమె వీధంతా పంచింది. మనవడు జర సన్నమేగానీ రక్తం మాత్రం వీధిలో ఎవరికీ లేనంత మంచిదని చెప్పేది. మరి ఈ దగ్గేమిటని ఎవరైనా అడిగితే దుమ్ము అనేది. చెవి సంగతి అడిగితే తలంటు పోసినప్పుడు కోడలు నీళ్ళు పోనిచ్చిందనేది. అన్నిటికీ కారణం దొరికేది, రక్తానికి తప్ప.

2005 జనవరిలో పిల్లవాడికి నిమ్ము చేసింది. ఊపిరి అందక ఎగపోస్తుంటే హైదరాబాదుకు తీసుకుపోయారు. అంత కంగారులోనూ ఆమె ల్యాబు కాగితాలన్నీ కవరులో పెట్టుకుని పోయింది, పిల్లవాడి రక్తం ఎంత మంచిదో పెద్ద డాక్టరుకు చూపించడానికి. అక్కడి డాక్టరమ్మ పిల్లవాడి గొంతులోకి చాలాసేపు చూసిందట. గొంతులో ఇరుపక్కలా ఉండవలసిన టాన్సిల్ గడ్డలు కనిపించలేదట. తర్వాత ఆ కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, ఇది మంచి రక్తం కాదమ్మా, దేన్నీ గుర్తుపెట్టుకోని రక్తం అన్నదట. ఈ 'అట'లు నావి. ఆమె చెప్పినప్పుడు ఒక్క 'అట' లేదు. ఆమె చూసింది.

సంగతి ఇది. ఆ పరీక్ష రోగం పురుగును వెతకదు. పురుగు మీదికి ఒళ్ళు తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను వెతుకుతుంది. ఒకసారి వచ్చిన జ్వరానికో, వేసిన టీకాకో ఎవరి ఒంట్లోనైనా అవి తయారై ఉంటాయి. మా వీధివాళ్ళ పాయింట్లన్నీ అవే. ఈ పిల్లవాడి ఒళ్ళు వాటిని తయారుచేయదు. పుట్టుకతోనే ఆ పని చేతకాదు. ఎన్ని జ్వరాలు వచ్చినా, ఎన్ని సూదులు వేసినా గుర్తు మిగలదు. అందుకే సున్న.

తిరిగి వచ్చిన మరునాడు ఆమె ల్యాబుకు పోయింది. కొట్లాడటానికే పోయిందనుకుని నేనూ వెంట నడిచాను. సాయిబు లేచి నిలబడ్డాడు. ఆమె ఆయన బల్ల మీది సీసాలను చూస్తూ చెప్పింది.

"నీ తప్పు గాదు సాబ్. నువ్వు ఏం లేదన్నవు. ఉన్నదే చెప్పినవు. మంచిగున్నదని మేమనుకున్నం."

ఆ తర్వాత వీధిలో ఎవరి ఇంట్లో పాయింట్లు వచ్చినా "మంచిదే, ఉండనీయి" అనేది. తిడుతోందనుకునేవారు.

పిల్లవాడికి నెలకొకసారి నరానికి మందు ఎక్కించాలి. అది వేరే మనుషుల రక్తాల్లోంచి తీసిన ప్రతిరక్షకాలే. జీవితాంతం ఎక్కించాలి. ఎందుకు జీవితాంతం అని మా వీధిలో ఒకావిడ అడిగినప్పుడు ఆమె చెప్పిన జవాబు నాకు తెలిసిన ఏ పుస్తకంలోనూ లేదు. పల్లిచేలో అడవిపంది పడితే సొంత కావలివాడు దాని దారి పట్టేస్తాడు, మళ్ళీ రానివ్వడు. మా చేనికి కావలివాడే పుట్టలేదు. అందుకని నలుగురి చేలల్లోంచి కూలికి పిలుచుకొస్తున్నాం. కూలోళ్ళు నెల ఉంటారు, పోతారు. మళ్ళీ పిలవాలి. ఇంతే చెప్పి చేటలోకి తల వంచింది. మందుకోసం పొలంలో కొంత పోయిందని తెలుసు.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న వెంటనే వచ్చింది. వంశంలోంచి వచ్చే రోగమని డాక్టరు చెప్పిందని అందరికీ తెలిసిపోయింది. నాగర్‌కర్నూల్‌లో ఇచ్చిన ఆమె కూతురు ఆ వారమే వచ్చింది. తమ్ముడికి వేరే సంబంధం చూడాలన్న మాట ఆ అమ్మాయి అంతకుముందే రెండు మూడుసార్లు తెచ్చి ఉంది. ఇప్పుడు గుమ్మం దాటకముందే అడిగింది. "ఎవరి దిక్కుదమ్మా ఇది?"

"మన దిక్కుదే," అన్నది ఆమె. "నాకంటె ముందు ఇద్దరు అన్నలు పుట్టి పోయిన్రు. ఒకడు పాకేటప్పుడు, ఒకడు పండ్లొచ్చేటప్పుడు. మీకెవ్వరికి తెల్వదు. మా అవ్వ చెప్పేది."

కూతురు సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. వీధివాళ్ళు నమ్మారు. నేనూ నమ్మాను. తండ్రి నుంచి కొడుక్కు ఈ రోగం రాదన్న సంగతి మాలో ఎవరికీ తెలియదు. అందుకే ఆ మాట నిలబడింది. ఆ రోజు కూడా ఆమె కోడలిని రొట్టె గురించి తిట్టింది. మామూలు కన్నా గట్టిగానే తిట్టింది.

ఏడాదిన్నర గడిచింది. 2006 వానాకాలంలో ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్ళు ఇద్దరూ మా వసారాలోకి వచ్చారు. అత్త చేతిలో చేట లేదు. కోడలు ఏడ్చి ముఖం కడుక్కున్నట్టుంది. కూర్చోమన్నా కూర్చోలేదు.

అచ్చంపేటలో ఉన్న చెల్లెలి కొడుక్కు మళ్ళీ నిమ్ము చేసిందట. ఏడాది దాటిన పిల్లవాడు. తల్లిపాలు పడలేదని ఎప్పుడో మాన్పించారు. అయినా తగ్గలేదు. అడవి దిక్కు గాలి అని తాయెత్తు కట్టించారు.

"అత్తా, నువ్వు చెప్పకపోతె నేను చెప్త," అన్నది కోడలు. ఆ అమ్మాయి గొంతు పెంచడం నేను వినడం అదే మొదటిసారి. "నాకేమైన కానీ. అది నా చెల్లె."

అత్త ఆమెను చూడలేదు. నన్ను చూసింది. అప్పుడు చెప్పింది, నిలబడే, పాఠం అప్పగించినట్టు. చనిపోయిన అన్నలెవరూ లేరు. చనిపోయింది కోడలి తమ్ముళ్ళు, ఇద్దరు, గద్వాలలో. డాక్టరమ్మ అడిగినప్పుడు కోడలే చెప్పింది. కొడుకు మందులకోసం బయటికి పోయి ఉన్నాడు. డాక్టరమ్మ కాగితం మీద గుండ్రాలు, చతురస్రాలు గీసి, ఇది ఆడవాళ్ళ ద్వారా వస్తుంది, మగపిల్లలకు తగులుతుంది, ఆడవాళ్ళకు ఏమీ కాదు అని చెప్పింది. ఇంట్లో ఇంకెవరైనా అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని కూడా అడిగింది. ఉన్నారని కోడలు నోరు తెరవబోతే అత్తే చేయి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. అప్పటికి చెల్లెలికి ఇంకా పిల్లలు లేరు.

"టీచరమ్మ, సగం సగం అంటె ఏంది?" అని అడిగింది.

తల్లి నుంచి కూతురికి వచ్చే అవకాశం సగం, ఆ కూతురి నుంచి కొడుక్కు వచ్చే అవకాశం అందులో సగం అని డాక్టరమ్మ చెప్పిందట. అంటే పావు అన్నాను. నాలుగు ఇళ్ళుంటే ఒక ఇల్లు అని చెప్పాను.

"ఆ ఒక్క ఇంట్ల ఉన్నోళ్ళకు పావేంది? నిండుగనే గద."

"అవును," అన్నాను. "పైగా ఆ పిల్లవాడికి ఇప్పటికే జ్వరాలు వస్తున్నాయి. ఇక పావు లెక్క కూడా చెల్లదు. పరీక్ష చేయించాల్సిందే."

ఫోన్‌లో చెబితే అవతలివాళ్ళు ఎలా తీసుకుంటారో తెలియదు. రాతలో పంపితే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. అచ్చంపేటవాళ్ళు బజారులో దుకాణం ఉన్నవాళ్ళు, మాట పడేవాళ్ళు కారు. పోవాల్సిందే అని ఆమె తేల్చింది. నన్నూ రమ్మన్నది. "టీచరు పక్కనుంటె జర మర్యాద ఉంటది. మీరేం మాట్లాడకుండ్రి. మీరు మాట్లాడితె లెక్క తప్పిన పిల్లలను నిలబెట్టినట్టుంటది."

కొడుక్కు నిజం ఆ రాత్రే ఫోన్‌లో చెప్పిందని తర్వాత తెలిసింది. అతను ఏమన్నాడో నాకు తెలియదు. పొద్దున బస్టాండుకు మమ్మల్ని సాగనంపడానికి వీపనగండ్ల నుంచి వచ్చి, భార్యకు నీళ్ళసీసా ఇచ్చి వెళ్ళాడు. మనవడిని తనతో తీసుకుపోయాడు.

నాగర్‌కర్నూల్‌లో బస్సు మారాలి. అక్కడ కూతురు ఇల్లు బస్టాండుకు దగ్గరే. ఆమె ఆ వైపు తిరిగి చూడలేదు. బస్సులో కోడలిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఇవతల తను కూర్చుని, దారిపొడవునా ఆ అమ్మాయిని ఏదో ఒకటి అంటూనే ఉంది. కొంగు కిటికీ బయటికి పోతోందని, తల వాంతి వచ్చేదానిలా పెట్టావని. కోడలు నవ్వింది ఒకసారి. అత్త నవ్వలేదు.

అచ్చంపేటలో ఆ ఇల్లు దుకాణానికి వెనుక. చెల్లెలి అత్తగారు మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. పొడవుగా, శుభ్రంగా ఉన్న మనిషి. చెల్లెలు లోపలి గది గుమ్మంలో పిల్లవాడిని భుజాన వేసుకుని నిలబడి ఉంది. పిల్లవాడి ఊపిరి చప్పుడు మాకు వినిపిస్తోంది. చెల్లెలి మామగారు దుకాణంలోంచి వచ్చి గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

పిల్లవాణ్ణి చూసిపోదామని వచ్చారా అని అడిగింది ఆ అత్తగారు. తల్లిపాలే పడలేదని, పుట్టింటి నుంచే ఆ పిల్ల ఒళ్ళు మంచిది కాదని, నెమ్మదిగానే, చెల్లెలు వింటుండగానే చెప్పింది.

మా పెద్దావిడ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"వదినె, ఒక్కటడుగుత. పుట్టినంక ఆర్నెల్లు ఎట్లుండె పిల్లగాడు?"

ఆ అత్తగారు మొగుడి వైపు చూసింది. బాగానే ఉన్నాడు, బొద్దుగా ఉన్నాడు అన్నాడాయన. ఆరు నెలలు దాటాకే మొదలైందన్నాడు.

"మావాడు గంతే. ఆర్నెల్లు ఏం గాలె. ఎందుకు గాలేదో డాక్టరమ్మ చెప్పింది. కడుపుల ఉన్నప్పుడు తల్లి ఒంట్లవి పిల్లగానికి పోతయంట. రోగం మీదికి పోయేటివి. అవి ఉన్నన్ని దినాలు మంచిగున్నడు. అవి అయిపోయినయి, వాని ఒంట్ల కొత్తయి పుట్టలె. తల్లి చెడగొట్టలె వదినె. తల్లి ఇచ్చిన దాంతోనే ఆ ఆర్నెల్లన్న బతికిండు."

మరి మా పిల్లవాడికీ మీ పిల్లవాడికీ సంబంధం ఏమిటని ఆ మామగారు అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. కోడలు నేల వైపు చూస్తోంది.

"ఈ అక్కచెల్లెండ్లే," అన్నది ఆమె. "వీళ్ళ అవ్వ నుంచి వచ్చింది. ఆడోళ్ళకు తెల్వకుంట వస్తది, మగపిల్లలకు తగుల్తది. నేను నా దిక్కుదని ఊరంత చెప్పిన. అబద్ధం చెప్పిన. ఎందుకు చెప్పిన్నో మీకు తెల్సు, ఆడపిల్లను ఇచ్చి తెచ్చుకునేటోళ్ళే మీరు గూడ. అది చెప్పి కూసున్న గనుక మీకు ఏడాదిన్నర కింద రావాల్సిన మాట ఇయ్యాల వచ్చింది. తిట్టాలంటె నన్ను తిట్టున్రి. పిల్లగానికి మాత్రం హైదరాబాద్‌ల రక్తపరీక్ష చేపియ్యున్రి."

తర్వాత ఆమె తన కోడలి మోచేయి పట్టుకుని కాస్త ముందుకు జరిపింది, సంతలో వస్తువు చూపించినంత మొరటుగా.

"ఇది మా ఇంటిది. తెలిసినంకనె ఏడాదిన్నర సంది ఇంట్లనే ఉన్నది. రేపు గూడ ఉంటది. నెలనెల పిల్లగానికి మందెక్కేటప్పుడు చెయ్యి పట్టుకొని కూసునేది ఇదే. నాతోని గాదు, సూది చూస్తె నాకు కండ్లు తిరుగుతయి."

మామగారు భార్య వైపు చూశాడు. ఆమె లేచింది. మమ్మల్ని పొమ్మంటుందనుకున్నాను. లోపలి గుమ్మం దగ్గరికి పోయి, తన కోడలి భుజం మీది నుంచి పిల్లవాడిని తీసుకుని, వాడి వీపు మీద చేయి పెట్టి ఆ ఎగపోతను కాసేపు చేత్తో విన్నది.

"ఆ రక్తపరీక్షకు పిల్లగాణ్ణి ఉపాసం తీసుకపోవాల్నా, తినిపిచ్చి తీసుకపోవాల్నా?" అని అడిగింది.

"తినిపిచ్చే తీసుకపోండ్రి," అన్నది మా పెద్దావిడ. "తల్లికి గూడ పెట్టున్రి. హైదరాబాద్ దూరం."